శనివారం మధ్యాహ్నం వెళ్తే గుర్రం దొరకదు

ప్రశ్న: అక్కా, నమస్తే. మేం స్వీడన్‌లో వెస్టెరోస్‌లో ఉంటున్నాం. మా అమ్మానాన్నలు పాలకొల్లు నుంచి మొదటిసారి మా దగ్గరికి వచ్చారు. జులై మొదటి వారంలో దోహా మీదుగా హైదరాబాద్ వెళ్ళిపోతారు. అమ్మ దగ్గర ఒక చీటీ ఉంది, అందులో 26 పేర్లు. అందరికీ ఏదో ఒకటి పట్టుకెళ్ళాలి. స్టాక్‌హోమ్ చూడ్డానికి వెళ్ళినప్పుడు పాతబస్తీ వీధుల్లో ఒక డజను ఫ్రిజ్ మాగ్నెట్లు, స్వీడన్ గుర్తుగా అమ్మే ఒక చిన్న చెక్కగుర్రం కొంది. ఇంటికొచ్చి తిప్పి చూస్తే ఒక్కటీ స్వీడన్‌లో చేసింది కాదు. అప్పటినుంచి ఆవిడ మనసు మనసులో లేదు. అందుకని కారు అద్దెకి తీసుకుని, ఆ గుర్రాలు తయారయ్యే మోరా వైపు వెళ్దామనుకుంటున్నాం. శనివారం నిదానంగా బయల్దేరి మధ్యాహ్నం చేరుకుని, రాత్రి అక్కడే ఉండి, ఆదివారం షాపింగ్ చేసుకుని వద్దామని ప్లాన్. బడ్జెట్ 5,000 క్రోనాలు. మా అత్తగారి వాళ్ళకి, పెదనాన్నకి కాస్త మంచివి ఇవ్వాలి. అక్కడ బేరమాడొచ్చా? కట్టిన ట్యాక్స్ వెనక్కి వస్తుందంటున్నారు, నిజమేనా? మళ్ళీ మోసపోకుండా ఏం కొనాలో చెప్పండి.

సమాధానం:

ముందు ఆ ప్లాన్ మార్చండి. ఏం కొనాలి, ఎంతలో కొనాలి అన్నది తర్వాత.

స్వీడన్ చిన్న ఊళ్ళలో షాపులు మామూలు రోజుల్లో పొద్దున 10కి తీసి సాయంత్రం 6కి కట్టేస్తారు. శనివారం మధ్యాహ్నం 2కో 3కో మూత. ఆదివారం చాలావరకు అసలు తియ్యరు. సూపర్‌మార్కెట్లు, పెట్రోలు బంకులు, ఒకటి రెండు కాఫీ షాపులు ఉంటాయి, అంతే. మీరు వెస్టెరోస్ మాల్స్‌కి అలవాటుపడి ఉంటారు, అక్కడ ఆదివారమూ సందడే. మోరాలో జనాభా మీ పాలకొల్లులో పావు వంతు కూడా ఉండదు. టూరిస్టుల కోసం ఒకటి రెండు షాపులు ఆదివారం తీసినా, వాటిని నమ్ముకుని మూడు గంటలు కారు నడపడం దండగ.

ఈ మాట అనుభవం మీద చెప్తున్నాను. నేను వెళ్ళిన మొదటి ఏడు ఇలాంటి ఒక సరస్సు ఒడ్డు ఊరికి శనివారం మూడూ పదికి చేరాం. ఒక చేతిపనుల షాపు కిటికీలో ఊదారంగు ఉన్ని శాలువా కనిపించింది. లోపల పెద్దావిడ నన్ను చూసింది, చక్కగా నవ్వింది, చెయ్యి ఊపింది, ఊపుతూనే తలుపుకి వేలాడే బోర్డు తిప్పేసి తాళం వేసుకుంది. మన దగ్గరైతే సగం దించిన షట్టరు కూడా మళ్ళీ ఎత్తుతారు కదా, నేనూ అలాగే అనుకుని అక్కడే నిలబడ్డాను. ఆవిడ వెనక గుమ్మంలోంచి సైకిలెక్కి వెళ్ళిపోయింది. మర్నాడంతా అద్దానికి ముక్కు ఆనించి ఆ శాలువా చూసి రావడమే అయింది.

కాబట్టి శుక్రవారం సెలవు పెట్టండి. పొద్దున్నే ఏడింటికి బయల్దేరితే దారిలో ఆగుతూ వెళ్ళినా 11కల్లా చేరిపోతారు. ఒక్క శుక్రవారం మాత్రం వద్దు, మిడ్‌సొమ్మర్ అనే నడివేసవి పండగ ముందు రోజు. అది ఏటా జూన్ 19కీ 25కీ మధ్య శుక్రవారం నాడు వస్తుంది. ఆ రోజు దేశమంతా బంద్ చేసినట్టుంటుంది, పక్క రోజు కూడా అంతే. పండగ చూడాలనుకుంటే వెళ్ళండి, కొనుక్కోవాలంటే మాత్రం దానికి ముందో వెనకో పెట్టుకోండి.

ఇంకో సంగతి. రాసేది మోరా అని, అక్కడివాళ్ళ నోట వినిపించేది "మూరా" అని. మల్లెపూల మూర గుర్తుంచుకోమని అమ్మగారికి చెప్పండి, దారి అడగడానికి పనికొస్తుంది.

70 నంబరు రోడ్డు మీద వెళ్తే అవెస్టా దగ్గర 13 మీటర్ల ఎర్ర గుర్రం రోడ్డు పక్కనే నిలబడి ఉంటుంది. ఇది చెక్కది కాదు, కాంక్రీటుది, 1989లో కట్టారు. అక్కడ ఒక ఫొటో తీసుకుని కదలండి. గుర్రాలు కొనాల్సింది అక్కడ కాదు, మోరా టౌన్లో కూడా కాదు. మోరా ఇంకో పది కిలోమీటర్లు ఉందనగా సిల్యాన్ సరస్సు ఒడ్డున నూస్‌నేస్ అని పల్లె వస్తుంది. ముందు అందులోకి తిప్పండి.

ఆ పల్లెలో రెండు కార్ఖానాలున్నాయి, ఒకదాన్నుంచి ఇంకోదానికి నడిచి వెళ్ళొచ్చు. గ్రాన్నాస్ ఓల్సన్ వాళ్ళది 1922లో మొదలైంది, నిల్స్ ఓల్సన్ వాళ్ళది 1928లో. రెండింట్లోనూ లోపలికి వెళ్ళి పని చూడొచ్చు, టికెట్టు ఉండదు. ఏది మంచిదని అడగొద్దు, కొండపల్లిలో ఏ ఇంటి బొమ్మ మంచిదని అడిగినట్టుంటుంది. రెండూ చూసి అమ్మగారికి ఏ గుర్రం మొహం నచ్చితే అది తీసుకోండి. మొహం అని ఊరికే అనడం లేదు. పైన్ చెక్క పలక మీద అచ్చుతో గుర్రం గీతలు ముద్రించి, మిషను రంపంతో ఆ ఆకారం కోస్తారు. అక్కడివరకే అన్నీ ఒకటి. తర్వాత కత్తితో చెక్కడం మనుషుల పని, అదీ చాలావరకు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు తమ ఇళ్ళలో కూర్చుని చేసి తెచ్చిస్తారు. అందుకే ఒక దానికి మెడ కాస్త బిరుసుగా ఉంటుంది, ఒకటి తల వంచి నేల చూస్తున్నట్టుంటుంది. నాలుగింటిని వరసగా టేబుల్ మీద పెట్టి చూస్తే తెలుస్తుంది.

రంగులు వేసే చోట మాత్రం హడావుడి పడకండి, ఒక పావుగంట నిలబడండి. చెక్కిన గుర్రాన్ని ముందు ప్రైమర్‌లో ముంచుతారు. చెక్కలో గుంటలుంటే పుట్టీ పెట్టి నున్నగా రుద్దుతారు, ఆ మీద ఎర్రరంగు. అసలు విద్య ఆ తర్వాత. జీను మీద, మెడ మీద ఆ పువ్వులూ ఆకులూ వేసే మనిషి ఒకే కుంచెకి ఒక పక్క ఒక రంగు, ఇంకో పక్క ఇంకో రంగు అద్దుకుంటుంది. మణికట్టు ఒక్కసారి తిప్పితే చాలు, రెండు రంగులూ పక్కపక్కనే నడిచి ఆకు తయారవుతుంది. పెన్సిలు గీత లేదు, చెరిపి దిద్దడం లేదు. సంక్రాంతి ముగ్గులో చుక్కలు పెట్టకుండా చేత్తో మెలిక తిప్పేవాళ్ళని చూసినవాళ్ళకి ఆ చెయ్యి పరిచయమైన చెయ్యిలాగే ఉంటుంది. ఈ లతల పనికి వాళ్ళు "కుర్బిట్స్" అని పేరు పెట్టుకున్నారు. ఆ మాట సొరతీగ నుంచి వచ్చింది. బైబిల్లో యోనాకి నీడనిచ్చిన సొరచెట్టు ఉంది చూడండి, అదే.

మీ వెస్టెరోస్‌కీ ఈ గుర్రానికీ ఒక పాత తగాదా కూడా ఉంది. 17వ శతాబ్దంలో మీ ఊరి బిషప్పు ఒకాయన పేకముక్కలు, పాచికలతో పాటు చెక్కగుర్రాల్ని కూడా పనికిమాలిన వస్తువుల కింద జమకట్టి తిట్టిపోశాడు. శీతాకాలంలో అడవి పనికి వెళ్ళినవాళ్ళు రాత్రుళ్ళు కుంపటి దగ్గర కూర్చుని పిల్లల కోసం చెక్కుకునే బొమ్మ ఇది. 1939లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ఒక పెద్ద గుర్రాన్ని నిలబెట్టాక దేశానికే గుర్తయి కూర్చుంది. ఈ కథ అమ్మగారికి కారులోనే చెప్పండి. పాలకొల్లులో గుర్రం చేతిలో పెట్టేటప్పుడు ఆవిడ చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

ఇక ధర. అరచేతిలో ఇమిడే గుర్రానికే రెండు మూడు వందల క్రోనాలవుతాయి. సైజు రెండు అంగుళాలు పెరిగితే ధర గెంతుతుంది. క్రోనాని 9 రూపాయలనుకుంటే చిన్న గుర్రమే రెండు వేల పైమాట. అమ్మగారు మనసులో లెక్క వేసుకుని "దీనికంటే మన ఏటికొప్పాక లక్కబొమ్మ నయం" అని తీరతారు. నాతో వచ్చిన మా అత్తయ్యా అదే అంది. తప్పు మాట కాదు. మన దగ్గర అంకుడు కర్ర తిప్పి లక్క పట్టించే చెయ్యికి మనం ఇచ్చేది మరీ తక్కువ, ఇక్కడ గుర్రం చెక్కే చెయ్యికి స్వీడన్ జీతం ఇస్తారు. ధరలో తేడా అదే. కానీ ఆ తేడా భరించి 26 గుర్రాలు కొనమని నేను చెప్పను. నాలుగు కొనండి. రంగు వెయ్యని ఉత్త చెక్కగుర్రాలు కూడా ఉంటాయి, అడగండి. పిల్లలున్న ఇంటికి అలాంటిది ఒకటి, పక్కన రంగుల డబ్బా పెట్టి ఇస్తే రంగేసిన దానికన్నా ఎక్కువ మురిసిపోతారు.

కొనే ముందు కడుపు కింద చూడటం మర్చిపోకండి. నూస్‌నేస్‌లో చేసిన గుర్రానికి తయారీదారు పేరుతో గుర్తు ఉంటుంది. స్టాక్‌హోమ్‌లో అమ్మగారు కొన్నది అక్కడే తిప్పి చూసి ఉంటే ఈ బాధ ఉండేది కాదు. ఆవిడ్ని ఏమీ అనకండి, నేనూ అలాంటి గుర్రమే కొని మూడేళ్ళు షోకేసులో పెట్టుకుని అందరికీ గొప్పగా చూపించాను.

మీ అత్తగారి వాళ్ళకి ఏమివ్వాలో తెలుసుకోవడానికి అసలు మోరా దాకా వెళ్ళక్కర్లేదు. మీ వెస్టెరోస్ పక్కనే స్కుల్టునా ఉంది, చూశారో లేదో. 1607లో అప్పటి రాజు పెట్టించిన ఇత్తడి కార్ఖానా. ఇప్పటికీ నడుస్తోంది. వాళ్ళ షాపు కూడా అక్కడే. కొత్త కొవ్వొత్తి స్టాండు ధర తక్కువేం కాదు, కానీ తెలుగింటికి ఇత్తడి ఇస్తే దాన్ని ఎక్కడ పెట్టాలి, దేనికి వాడాలి అని ఎవరూ అడగరు. వియ్యంకుల మధ్య ఇచ్చిపుచ్చుకోడాల్లో ఆ మాత్రం బరువున్న వస్తువు ఉండాలి. గాజు పూలకుండీ ఇస్తే బీరువా మీద దుమ్ము పట్టి ఉంటుంది, ఇత్తడికైతే పండగకి ముందు రోజు చింతపండు తోముడు ఖాయం.

అదే ఇత్తడి పదో వంతు ధరకి దొరికే చోటు కూడా చెప్తాను, కాకపోతే అది ఇవ్వడానికి కాదు, మీరు ఉంచుకోవడానికి. వేసవిలో పల్లెదారుల్లో అట్టముక్క మీద చేత్తో రాసిన "లొప్పిస్" బోర్డులు కనిపిస్తాయి. ఇంట్లో పాత సామాను గరాజులోనో గడ్డిపాకలోనో పరిచి అమ్ముకోవడం. టౌన్లలోనైతే రెడ్ క్రాస్ లాంటి సంస్థల పాతసామాన్ల షాపులు ఉంటాయి. స్వీడన్‌ని చూడాలంటే నేను మ్యూజియం కన్నా ముందు వీటికే తీసుకెళ్తాను. అమ్మమ్మల కాలం కాఫీ కప్పులు, రాగి కాఫీ కూజాలు, చేత్తో కుట్టిన టేబుల్‌గుడ్డలు, ఎవరిదో పెళ్ళి తేదీ చెక్కిన చెంచా. కప్పు నచ్చితే బోర్లించి అడుగున ముద్ర చూడండి. రోర్‌స్ట్రాండ్ అనో గుస్తావ్స్‌బెరి అనో ఉంటే మంచి పింగాణీ. రోర్‌స్ట్రాండ్ 1726 నుంచి ఉన్న పేరు. తర్వాత అంచు చుట్టూ గోటితో ఒకసారి తడమండి, కంటికి ఆనని పెచ్చు గోటికి తగులుతుంది. కప్పుని వేలితో మీటితే ఖంగుమనాలి, బొంగురుగా మోగితే ఎక్కడో బీట ఉన్నట్టే.

నాన్నగారు మాత్రం "ఎవరో తాగిన కప్పు మనకెందుకమ్మా" అంటారు. అందుకే చుట్టాలకి ఇవ్వడానికి కాదన్నాను. పాత వస్తువు అంటే ఇక్కడ ముచ్చట, మన దగ్గర ఇంకా ఎంగిలి. ఈ విషయంలో ఎవర్నీ ఒప్పించే ప్రయత్నం పెట్టుకోవద్దు. ఇత్తడికీ రాగికీ ఆ పట్టింపు కాస్త తక్కువ, లోహం కాబట్టి తోమితే పోతుందంటారు. నా పూజగదిలో ఉన్న రెండు కుందులూ లొప్పిస్‌లో నలభై క్రోనాలకి కొన్న కొవ్వొత్తి స్టాండ్లే. మా అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు.

బేరం సంగతి అడిగారు. షాపుల్లో వద్దు, అసలు నోరెత్తొద్దు. చారిటీ షాపుల్లోనూ బాగుండదు. లొప్పిస్‌లో మాత్రం రెండు మూడు వస్తువులు కలిపి చేతిలో పట్టుకుని, మొత్తం కలిపి ఇంతకిస్తారా అని ఒక్కసారి నెమ్మదిగా అడగొచ్చు. కాదంటే వాళ్ళు చెప్పినంత ఇచ్చేయడమో, వదిలేసి వచ్చేయడమో. అక్కడ పెట్టేసి పది అడుగులు నడిచి వెనక్కి పిలుస్తారేమోనని చూసే మన విద్య ఇక్కడ పారదు, వాళ్ళు పిలవరు. లొప్పిస్‌లో డబ్బు మామూలుగా మీ ఫోన్లో ఉండే చెల్లింపు యాప్ స్విష్‌తో కట్టాలి. అమ్మానాన్నలకి స్వీడన్ బ్యాంకు ఖాతా ఉండదు కాబట్టి వాళ్ళని విడిగా వదిలేస్తే వస్తువు చేత్తో పట్టుకుని మీకోసం వెతుక్కుంటారు. షాపుల్లో కార్డు చాలు. నోట్లు తీసుకోం అని బోర్డు పెట్టేసిన షాపులూ బోలెడు.

పెదనాన్నగారికి మోరా కత్తి. ఇందులో రెండో ఆలోచన లేదు. మోరా పక్కన 1891 నుంచి కత్తులు చేస్తున్నారు, పేరు కూడా మోరాక్నీవ్. ఎర్రరంగు చెక్క పిడి ఉన్న పాత పద్ధతి కత్తి తీసుకోండి. స్వీడన్‌లో వడ్రంగి దగ్గరా రైతు దగ్గరా ఉండేది అదే, ఖరీదూ ఎక్కువ కాదు. కార్బన్ స్టీలుదైతే పదును బాగా నిలుస్తుంది కానీ తడి తగిలితే తుప్పు పడుతుంది, గోదావరి జిల్లా గాలికి స్టెయిన్‌లెస్సే మేలు. "శనివారం ఇనుము కొనకూడదు" అని అమ్మగారు గుర్తుచేస్తారు, శుక్రవారం వెళ్ళమన్నందుకు ఇదొక లాభం. కొన్నాక ప్యాకింగ్ విప్పకుండా డిక్కీలో పెట్టండి. సరైన కారణం లేకుండా కత్తి వెంట పెట్టుకుని బయట తిరగడం ఈ దేశంలో నేరం. విమానంలో చెక్-ఇన్ పెట్టెలోనే, పొరపాటున కూడా చేతిసంచిలో కాదు.

మిగిలిన ఇరవై చిల్లర పేర్లకీ తినే వస్తువులే. ఇవి సూపర్‌మార్కెట్‌లో ఆదివారం కూడా దొరుకుతాయి కాబట్టి చివరికి పెట్టుకోండి. మీరు వెళ్ళే ఊళ్ళో ఏటా మార్చి మొదటి ఆదివారం వాసాలొప్పెట్ అనే మంచు పరుగు ముగుస్తుంది. 1922 నుంచి జరుగుతోంది. జనం కాళ్ళకి స్కీలు కట్టుకుని 90 కిలోమీటర్లు వస్తారు. దారిలో వాళ్ళకి వేడివేడి బ్లూబెర్రీ సూప్ పోస్తారు. ఆ సూప్ పొడి ప్యాకెట్లు మామూలు షాపులో దొరుకుతాయి, తేలిక, నీళ్ళలో కలిపి మరిగిస్తే చాలు. గమ్యం దగ్గర కట్టిన ద్వారం మోరా చర్చి దగ్గరే ఉంటుంది. నాన్నగారు దాని కింద చేతులెత్తి నిలబడిన ఫొటోతో పాటు ఆ ప్యాకెట్టు ఇస్తే ఫ్రిజ్ మాగ్నెట్టు కన్నా వెయ్యి రెట్లు నయం. దారిలో లెక్సాండ్ వస్తుంది, ఆ పేరుతోనే వచ్చే గట్టి రై రొట్టె, క్నెక్కెబ్రోడ్, చాలాకాలం నిలవుంటుంది. మన అప్పడం కన్నా గట్టి, పెద్దవాళ్ళ పళ్ళకి కుదరదు, చూసి ఇవ్వండి. చాక్లెట్లంటే మారాబౌ మీకు తెలిసిందే. కాకపోతే జులైలో హైదరాబాద్ నుంచి పాలకొల్లు దాకా వెళ్ళేసరికి అది ముద్ద అవుతుంది. ఎరుపు తెలుపు చారల పిప్పరమెంటు కడ్డీలు, పోల్కాగ్రీస్, కరగవు. 1859లో గ్రెన్నా అనే ఊళ్ళో అమాలియా ఎరిక్సన్ అనే వితంతువు బతుకుతెరువుకి మొదలుపెట్టిన మిఠాయి ఇది. ఇప్పుడు దేశమంతా దొరుకుతుంది. లింగన్‌బెర్రీ జామ్ సీసా చెక్-ఇన్ పెట్టెలోకి, రెండుకి మించి వద్దు, బరువు.

విడిగా తూచి అమ్మే రంగురంగుల జెల్లీ మిఠాయిలు కొనేటప్పుడు శాకాహారుల ఇళ్ళు గుర్తుపెట్టుకోండి. చాలావాటిలో జెలటిన్ ఉంటుంది, అది జంతువులదే. డబ్బా మీద ఆ మాట స్వీడిష్‌లోనూ అలాగే ఉంటుంది కాబట్టి కనిపెట్టడం తేలిక. ఇంకోటి, నల్లగా నిగనిగలాడే ఉప్పు లికరిస్ జోలికి పోకండి. ఒకసారి మా మావయ్యకి ఇచ్చాను. నోట్లో వేసుకుని ఒక నిమిషం కళ్ళు మూసుకుని, "దగ్గు మాత్రా అమ్మా?" అన్నాడు. పాపం ఆయన తప్పేం లేదు. లికరిస్ అంటే మన అతిమధురమే. దానికి వాళ్ళు కలిపేది అమ్మోనియం క్లోరైడ్, అంటే కళాయి పోసేవాళ్ళు వాడే నవాసారం.

ట్యాక్స్ సంగతి. మీకు రాదు, అమ్మానాన్నలకి వస్తుంది. ఐరోపా యూనియన్ బయట నివాసం ఉండేవాళ్ళకే ఆ సదుపాయం. మీరిక్కడ ఉంటున్నారు కాబట్టి పాస్‌పోర్టు మన దేశానిదైనా కుదరదు. షాపులో "ట్యాక్స్ ఫ్రీ" ఉందా అని ముందే అడగాలి, అందరూ ఇవ్వరు. ఒక షాపులో బిల్లు కనీసం 200 క్రోనాలు ఉండాలి. కౌంటర్ దగ్గర నాన్నగారు తన పాస్‌పోర్టుతో నిలబడాలి, మీరు కాదు. వస్తువు వాడకుండా, విప్పకుండా ఉంచాలి. ఆయన దోహా మీదుగా వెళ్తున్నారు కాబట్టి ఐరోపా దాటేది స్టాక్‌హోమ్ విమానాశ్రయం ఆర్లాండాలోనే. అక్కడ పెట్టెలు చెక్-ఇన్‌లో వెయ్యకముందే ఫారాలూ వస్తువులూ చూపించి ధ్రువీకరించుకోవాలి. ముందు పెట్టె పంపేసి తర్వాత ఫారం పట్టుకుని పరిగెత్తేవాళ్ళని ఎంతమందిని చూశానో. గుర్రం, ఇత్తడి లాంటివాటి మీద ఇక్కడ 25 శాతం పన్ను. అంటే వెయ్యి క్రోనాల బిల్లులో 200 పన్నే. మధ్యలో వాళ్ళ చార్జీలు పోగా చేతికొచ్చేది అంతకన్నా తక్కువ. గుర్రాలూ ఇత్తడీ కలిపి రెండు పెద్ద బిల్లులైతే ఆ అవస్థ పడొచ్చు, రెండు వందల యాభై బిల్లు కోసం అంత టెన్షన్ అక్కర్లేదు.

బిల్లుని ఇక్కడ "క్విట్టో" అంటారని తెలుసుగా. అన్నీ దాచండి. కొన్నది నచ్చకపోతే షాపులో వెనక్కి తీసుకోవడం చట్టప్రకారం హక్కు కాదు, ఆ షాపు ఇష్టం. "ఎప్పెత్ షోప్" ఉందా అని కొనేటప్పుడే అడిగితే ఎన్ని రోజుల్లో తిరిగివ్వొచ్చో చెప్తారు.

కొమ్ముల శిరస్త్రాణం మాత్రం ఎవరికీ కొనకండి, పిల్లలు ఏడ్చినా సరే. వైకింగులు కొమ్ములు పెట్టుకున్న దాఖలా లేదు, అది 19వ శతాబ్దం ఐరోపా నాటకాల వాళ్ళు తగిలించిన వేషం. రెయిన్‌డీర్ చర్మాలు చూడ్డానికి ముద్దుగా ఉంటాయి. కస్టమ్స్ దగ్గర ఎవరు సమాధానం చెప్తారు, వదిలెయ్యండి.

లెక్క చూస్తే గుర్రాలకి పన్నెండు వందలు, పదిహేను వందల మధ్య, ఇత్తడికి వెయ్యి, కత్తికి రెండు వందలు, తినేవాటికి పదిహేను వందలు. ఉరమరగా ఇంకో ఎనిమిది వందలు మిగలాలి. అది అమ్మగారి చేతికిచ్చి ఆవిడ కోసం ఆవిడనే కొనుక్కోమనండి. 26 పేర్ల చీటీలో ఆవిడ పేరు లేదు, మీరు గమనించారో లేదో.

శుక్రవారం నూస్‌నేస్, ఆ సాయంత్రం మోరా. శనివారం పొద్దున మోరా నడివీధిలో మిగిలిన షాపులు, రెండింటికల్లా ముగించండి. ఓపికుంటే జోర్న్ మ్యూజియం చూడండి, చిత్రకారుడు ఆండెర్స్ జోర్న్ ఊరు ఇదే. ఆదివారం ఏమీ కొనక్కర్లేదు. వెనక్కి వచ్చే దారిలో రెట్విక్‌లో సరస్సు మీదికి 628 మీటర్ల చెక్కవంతెన ఉంది, చివరిదాకా నడిచి కూర్చుని ఇంటినుంచి తెచ్చుకున్న పులిహోర తినండి. గాలి గట్టిగా వీస్తుంది, అమ్మగారి చెవులకి మఫ్లర్ మర్చిపోకండి. జూన్ అయితే మాత్రం ఏం.

సర్దేటప్పుడు గుర్రాల్ని నాన్నగారి మేజోళ్ళలో ఒక్కోటి దూర్చి, పెట్టె మధ్యలో బట్టల మధ్య పెట్టండి, ముందు విరిగేవి వాటి చెవులే. ధరల కాగితాలు పెట్టెలో పెట్టకముందే ఇక్కడే తీసెయ్యండి, లేకపోతే అక్కడ ఎవరి గుర్రం ఎంతో చుట్టాలందరికీ తెలిసిపోతుంది. కడుపు కింద గీకేటప్పుడు మాత్రం చూసుకోండి. అక్కడ రెండు ఉండొచ్చు, ఒకటి ధర, ఒకటి నూస్‌నేస్ గుర్తు. కంగారులో రెండోది గీకేస్తే అమ్మగారు మళ్ళీ నాకు ఉత్తరం రాయిస్తారు.